యూదా మొక్క

భూగోళాన్ని కాపాడాలని చర్చి పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. (తీర్మానం నకలు భూగోళానికి ఇంకా అందలేదు.) వెంటనే సృష్టి సంరక్షణ ఉపసంఘం ఏర్పడింది. దానికో అధ్యక్షుడు, ఓ కార్యదర్శి, ఓ ఏసీ గది. గది తలుపు మీద 'వేడి పెరుగుతోంది, మారుమనస్సు పొందండి' అని అట్ట.

ఆదివారం ఆరాధన కాగానే పన్నెండుమంది శిష్యుల పేర్లతో పన్నెండు మొక్కలు నాటారు. పదకొండింటిని సంఘస్థులు పోటీలు పడి దత్తత తీసుకుని, 'దత్తతదారు తప్ప ఎవరూ ముట్టరాదు' అని బోర్డులు పెట్టారు. యేసుని పట్టిచ్చిన యూదా పేరు పడిన మొక్క దగ్గరికి ఎవరూ రాలేదు. గంట కొట్టే తాత మాత్రం "దాని పేరు దానికేం తెలుసు పాపం" అనుకుని పక్కన ఊతకర్ర పాతాడు.

ఎండలు ముదిరాయి. తాత బకెట్టుతో కుళాయి దగ్గరికి వెళ్లేసరికి కార్యదర్శి అడ్డం నిలబడ్డాడు.

"నీళ్లు కూడా సృష్టే తాతా. ఊరికే తిప్పేస్తే ఎలా? ఫారం నింపు."

"మొక్కలు చచ్చిపోతున్నాయి బాబూ."

"అయితే 'అత్యవసరం' గడిలో టిక్కు పెట్టు."

"ఆదాముకి తోట అప్పజెప్పినప్పుడు దేవుడు ఫారం అడిగాడా?"

"అడగలేదు. అందుకేగా పండు పోయింది."

తాత చాంతాడంత ఫారం నింపించి సంతకం గీశాడు. అది నీటి పొదుపు విభాగానికి, అక్కణ్ణుంచి ప్రార్థన విభాగానికి వెళ్లింది. (వాన కోసం ప్రార్థిస్తూ కుళాయి తిప్పితే అవిశ్వాసం కిందికి వస్తుందని అక్కడో మెలిక.) ఈలోగా పేతురు తల వాల్చాడు. యోహాను మాడిపోయాడు. తోమా బతికున్నాడంటే ఎవరూ నమ్మలేదు.

బాప్తిస్మం తొట్టి కడగడం తాత పనే. వాడిన నీళ్లు మురిక్కాలువలోకి వదలాలని రూలు. తాత వాటిని చెంబుతో తోడి, బోర్డు లేని ఆ ఒక్క మొక్కకే పోశాడు.

పై కార్యాలయం నుంచి తనిఖీ అధికారి వస్తున్నారని తెలిసి, అధ్యక్షుడు నెలల తర్వాత ఏసీ గదిలోంచి బయటికొచ్చి చూశాడు. పదకొండు పుల్లలు, ఒక పచ్చటి మొక్క.

"శిష్యులంతా పోయి యూదా ఒక్కడే కళకళలాడుతుంటే జనం ఏమనుకుంటారు? పీకెయ్."

"వీళ్లలో బాప్తిస్మం పొందింది ఇదొక్కటేనయ్యా," అన్నాడు తాత.

ఆ మాట చెవిటివాడి ముందు శంఖమే అయింది. కార్యదర్శి చేతులకు తొడుగులు వేసుకుని మరీ పీకాడు. సాయంత్రానికి పన్నెండు ప్లాస్టిక్ మొక్కలు దిగాయి. మర్నాడు తనిఖీ అధికారి వాటిని చూసి ముచ్చటపడ్డారు. ఆకు రాల్చవు, చుక్క నీరు తాగవు. ఆ ఏడాది ఉత్తమ పర్యావరణ చర్చి బహుమతి వాటికే.

తాత ఫారానికి ఆ వారమే జవాబొచ్చింది. ప్లాస్టిక్ ఆకుల మీద దుమ్ము కడగడానికి రోజుకు పన్నెండు బకెట్ల నీళ్లు మంజూరు చేశారు.