వినేవారు కోరని ధ్వని

ఆ శనివారం జకర్యా వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పొద్దున ఆరింటి ప్రార్థన అయ్యాక వరండాలో కూర్చుని, టీ తాగుతూ, చర్చి వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం రాయాలి. రైల్వే ఆఫీసులో ముప్ఫై రెండేళ్లు ఉత్తరాలకు డ్రాఫ్టులు రాసి రిటైరైన మనిషి. ఆయన కామా పెట్టిన చోట పై అధికారి కూడా ఆగి ఊపిరి పీల్చుకునేవాడని ఆఫీసులో చెప్పుకునేవారు. చెప్పుకున్నది ఎక్కువగా జకర్యాయే.

"సంఘ సభ్యులందరికీ" అని రాసి కామా పెట్టబోతుండగా గోడ అవతల గ్రైండరు మొదలైంది.

మారేడ్‌పల్లిలో ఆ రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. అవతల ఉండేది భద్రయ్య కుటుంబం. ఆయన కోడలు కల్పలత నాలుగు నెలలుగా ఇడ్లీ పిండి రుబ్బి వీధిలో ఇళ్లకు అమ్ముతోంది. పెద్ద గ్రైండరు, గోడకు ఆనించి పెట్టారు. అది తిరుగుతున్నంతసేపూ ఇవతల జకర్యా టీ కప్పు సాసరులో వణుకుతుంది.

జకర్యా ఫోన్లో శబ్దం కొలిచే యాప్ ఎక్కించుకున్నాడు. డెబ్బై ఒక్క డెసిబెల్స్ అని చూపించింది. నివాస ప్రాంతాల్లో పగటిపూట యాభై అయిదు దాటకూడదని కూడా అదే ఫోను చెప్పింది. ఆయనకు ఒళ్లు పులకరించింది. నిన్నటిదాకా ఒట్టి చిరాకు. ఇప్పుడది నిబంధనల ఉల్లంఘన.

"వెళ్లి ఓ మాట చెప్పొచ్చుగా? వాళ్లూ మనుషులేగా," అంది భార్య దేవకృప.

చెప్పడానికే వెళ్లాడు. గేటు దగ్గరే భద్రయ్య ఎదురొచ్చాడు. "రాండ్రి సారూ! మోకాలు నొప్పి ఎట్లుంది? కల్పలతా, సారుకు తాజా పిండి తేవమ్మా!"

జకర్యా గొంతు సవరించుకున్నాడు. "మీ గ్రైండరు..."

"ఎట్లున్నది సారూ?"

"బాగా... తిరుగుతోందండీ."

పిండి గిన్నెతో ఇంటికొచ్చాడు. నోటితో చెప్పలేనిది కాగితం మీద పెట్టడం ఆయనకు వెన్నతో పెట్టిన విద్య. భార్యకు చెప్పకుండా ఆన్‌లైన్లో ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. ఇప్పుడే పిండి ఇచ్చిన మనిషి పేరు రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని "మా వీధిలో ఏ వ్యక్తి గానీ, ఏ యంత్రం గానీ, ఏ వాయిద్యం గానీ" అని రాశాడు. వాయిద్యం అవసరం లేదు. మూడో మాట లేకపోతే వాక్యానికి తూకం కుదరలేదు. తర్వాత ఊపు మీద శబ్దానికి నిర్వచనం కూడా రాశాడు. "వినేవారు కోరని ఏ ధ్వనైనా, అది చేసేవారికి ఎంత మధురమైనదైనా, శబ్దమే." మూడుసార్లు చదువుకుని, మురిసిపోయి, పంపించేశాడు.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ శనివారం. సాయంత్రం అయిదింటికి ఇంటి ముందుగదిలో దేవకృప వార్షికోత్సవానికి క్వయర్ పాటల ప్రాక్టీసు పెట్టుకుంది. పదకొండు మంది ఆడవాళ్లు, ఒక హార్మోనియం. కిటికీలోంచి చూస్తే, గేటు బయట ఒకావిడ మూడు కాళ్ల స్టాండు నిలబెడుతోంది. దాని కొసన నల్లటి స్పాంజి బంతి.

"పాస్టరు గారు రికార్డింగుకి మనిషిని పంపిస్తానన్నారు, వచ్చేసిందర్రా!" అంది దేవకృప. "అందరూ నోరు తెరిచి పాడండి. జెరూషా, నువ్వు సిగ్గుపడకు!"

జెరూషా పుట్టి బుద్ధెరిగాక సిగ్గుపడింది లేదు. ఆమె ఎత్తుకున్న పల్లవికి కరెంటు తీగ మీద పావురాలు లేచిపోయాయి. భద్రయ్య కూడా బయటికొచ్చి, రికార్డింగే అనుకుని, తాళం వేయడం మొదలుపెట్టాడు.

క్వయరు వాళ్ల కోసం బిస్కెట్లు తేవడానికి వెళ్లిన జకర్యా వీధి మలుపు తిరిగేసరికి ఇదీ దృశ్యం.

"ఎవరండీ మీరు?"

"సౌండ్ పొల్యూషన్ ఇన్‌స్పెక్షన్ సార్. నా పేరు లీలాకుమారి. ఈ వీధి నుంచి కంప్లైంట్ వచ్చింది. ఎనభై మూడు ఉంది సార్ ఈ ఇంట్లో!"

జకర్యా గొంతు తగ్గించాడు. "పక్కింట్లో కొలవండి మేడం."

"పాట షురూ గాకముందే కొలిచిన సార్. నలభై ఆరే. గ్రైండర్ రిపేరుకు పోయిందని ఆ ఇంటి కోడలు చెప్పింది."

"పాట శబ్దం ఎలా అవుతుందండీ?"

లీలాకుమారి ఫోను తీసి చదివింది. "'అది చేసేవారికి ఎంత మధురమైనదైనా, శబ్దమే.' కంప్లైంట్ చేసినవాళ్ల పేరు మాకు చెప్పరు సార్, నంబరే ఇస్తరు. కానీ ఎవరో గొప్పగా రాసిన్రు. ఆఫీసులో అందరికీ చదివి వినిపించిన. వాయిద్యం అని కూడా ఉంది, హార్మోనియం అందులకు వస్తది."

ఆ స్థితిలో కూడా జకర్యాకు లోపల కొంచెం సంతోషం కలిగింది. అందుకు ఆయన తర్వాత చాలా సిగ్గుపడ్డాడు.

వారంలోగా ఆఫీసుకొచ్చి సంజాయిషీ ఇవ్వాలి, అప్పటిదాకా ప్రాక్టీసు ఆపాలి అని నోటీసు ఇచ్చి ఆమె వెళ్లిపోయింది. వార్షికోత్సవం ఇంకో పది రోజులే ఉంది.

"ఎవరు పెట్టుంటారండీ?" అంది దేవకృప.

జకర్యా బిస్కెట్ ప్యాకెట్ మీద అక్షరాలు చదువుతున్నాడు. ముప్ఫై నాలుగేళ్ల కాపురం. ఆమెకు వేరే జవాబు అక్కర్లేదు. అంతే, మాట్లాడ్డం మానేసింది. మర్నాడు భోజనాల దగ్గర యాప్ తెరిచి చూశాడు. ముప్ఫై ఒకటి. నిబంధన కంటే ఇరవై నాలుగు తక్కువ. అంత ప్రశాంతమైన ఇంట్లో ఆయనకు ముద్ద దిగలేదు.

పులి మీద పుట్రలా భద్రయ్య వచ్చాడు. "సారూ, మీ మీద కంప్లైంట్ ఇచ్చినోడు ఎవడో గానీ, వాన్ని ఇడిచిపెట్టేది లేదు. పరేషాన్ గాకుండ్రి. సంజాయిషీ నేను జెప్తా, మీరు రాయుండ్రి. ముందటికొచ్చి పేరు జెప్పుకోలేని పిరికోడు, అని షురూ జెయ్యుండ్రి."

జకర్యా రాశాడు. "పిరికోడు" కొట్టేసి "పిరికివాడు" అని దిద్దాడు. ఇరుగుపొరుగు మర్యాద తెలియనివాడు, పాటకూ గోలకూ తేడా ఎరగనివాడు అని వాక్యం సాగుతున్నకొద్దీ చెయ్యి దానంతటదే తూకం చూసుకుంది. ఆయన జీవితంలో అంత మంచి డ్రాఫ్టు మరొకటి రాయలేదు. భద్రయ్య వీధంతా తిరిగి నలభై మూడు సంతకాలు తెచ్చాడు. మొదటి సంతకం దేవకృపది. కొంచెం ఒత్తి పెట్టినట్టుంది.

విచారణ రోజు జకర్యా, దేవకృప, భద్రయ్య ముగ్గురూ వెళ్లారు. గుమస్తా ఫైలు తెరిచి పిలిచాడు. "ఫిర్యాదుదారు, జకర్యా. నోటీసు అందుకున్నవారు, జకర్యా." తలెత్తి చూశాడు. "ఇద్దరు జకర్యాలా?"

"ఒకడేనండీ," అన్నాడు జకర్యా.

భద్రయ్య చేతిలోని కాగితాన్నీ జకర్యా మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఈ పిరికోడు మీరేనా సారూ?"

"నేనేనండీ. పిరికివాడు అని దిద్దింది కూడా నేనే." ఇక దాచడానికేమీ మిగల్లేదు. "మీ గ్రైండరు చప్పుడు భరించలేకపోయాను. మీ మొహం చూసి చెప్పలేకపోయాను."

భద్రయ్యకు కోపం వస్తుందని ఎదురుచూశాడు. రాలేదు.

"గ్రైండర్ మీద మీ ప్రార్థన మాకెర్కే గద సారూ. రోజు పొద్దుగాల మీరు దేవునికి జెప్తనే ఉన్నరు, 'ప్రభువా, పక్కింటి గ్రైండరు సంగతి నువ్వే చూడు' అని. గోడ పక్కకే గదా, అంతా వినిపిస్తది. సారు మన మిషన్ కోసం సుత ప్రార్థన జేస్తున్నడు, ఖరాబైతదేమో అని మా కోడలే రిపేరుకు పంపింది."

జకర్యా చెవులు వేడెక్కాయి. "అంతా... వినిపిస్తుందా?"

"మీ మోకాలు నొప్పి, మీ తమ్ముని కోర్టు కేసు, అన్నీ ఎర్కే. మీరు ఆమెన్ అనంగనే కోడలు లేస్తది, పది నిమిషాలల్ల స్విచ్ ఏస్తది. మా ఇంట్ల అలారమే లేదు."

గుమస్తా పక్కన కూర్చున్న లీలాకుమారి పెన్ను అందుకుంది. "ఎంత ఉంటదండీ ఆ ప్రార్థన? డెసిబెల్స్‌లో?"

"మేం కొల్వలే మేడం. మనోళ్ల గొంతు ఎవరన్న కొలుస్తరా?"

జకర్యా తల వంచుకున్నాడు. పక్కన ఏదో చప్పుడైతే దేవకృప ఏడుస్తోందనుకున్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. "ఇంటికి పదండి, మీ పని చెబుతా," అంది. ఆరు రోజుల తర్వాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. తిట్టబోతోందని తెలిసి కూడా ఆయన ప్రాణం లేచొచ్చింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. నోటీసు రద్దయింది. క్వయరు ప్రాక్టీసు మళ్లీ మొదలైంది. భద్రయ్య రిపేరు నుంచి వచ్చిన గ్రైండరును అవతలి గోడ పక్కకు జరిపి, కింద రబ్బరు షీటు వేయించి, "గీ ముచ్చట ఆ దినమే అంటే అయిపోవు గద సారూ," అని మాత్రం అన్నాడు.

మర్నాటి ఉదయం జకర్యా బుద్ధిగా దుప్పటి ముసుగు పెట్టుకుని, దేవుడికైనా వినపడిందో లేదో తెలియనంత మెల్లగా ప్రార్థన చేసుకున్నాడు. ఏడున్నరకు కాలింగ్ బెల్ మోగింది. బనీను మీద కండువా వేసుకుని భద్రయ్య నిలబడి ఉన్నాడు.

"తబియత్ మంచిగుందా సారూ? ఇయ్యాల ఆమెన్ వినిపియ్యలే. మా కోడలు ఇంకా పండుకునే ఉంది."

ఆ రోజు వీధిలో ఇరవై ఇళ్లవాళ్లు ఉప్మాతో సరిపెట్టుకున్నారు.