బొచ్చె పేజీలో శీలావతి

పదకొండు గంటలకు జంగారెడ్డిగూడెం నుంచి హోటళ్ల సత్తిబాబుగారు వస్తున్నారు. తన నాలుగు హోటళ్లకూ వారం వారం చేపలు వెబ్‌సైటులో ఎలా ఆర్డరు పెట్టుకోవాలో చూసి, నచ్చితే ఒప్పుకుంటారు. అందుకని ఏలూరు చేపల వ్యాపారి ఎలీయాజరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, ఆ సైటు తయారు చేసిన సబీహా వెనక పొద్దున్నే నిలబడ్డారు. రెండు వేల ఎనిమిదిలో చేపల కొట్టుకి వెబ్‌సైటంటే గొప్పే. ఆ గొప్పతో పాటు కాస్త ఓపిక కూడా కొనుక్కుని ఉండాల్సింది.

ఆయన తెర మీద బొచ్చె చేప పేరు నొక్కారు. పైన పేరు బొచ్చె అని మారింది. కింద మాత్రం అంతకు ముందు చూసిన శీలావతి చేప ఫోటో, శీలావతి ధర అలాగే ఉన్నాయి.

"ఇదేంటమ్మా! బొచ్చె అడిగితే శీలావతి అంటగడతావా? నన్ను దొంగని చేస్తావా?"

"కాదండీ. పేజీ ఈ కంప్యూటర్లోనే ఉందండి, వెంటనే మారిపోద్ది. వివరాలు హైదరాబాదు సర్వర్ నుంచి రావాలి కదండీ. నాలుగు సెకన్లు ఆగితే..."

"సరుకు రాకుండా కొట్టెవడు తెరవమన్నాడు? వివరాలొచ్చాకే పేజీ మార్చు! సత్తిబాబుగారి ముందు పరువు పోయిందా, రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

సబీహాకు ఒళ్లు మండిపోయింది. కానీ తమ్ముడి చదువు ఈ ఉద్యోగం మీదే నడుస్తోంది. పళ్లు బిగబట్టి ఆయన చెప్పినట్టే మార్చింది.

సత్తిబాబుగారు వచ్చి బొచ్చె నొక్కారు. ఏమీ కదల్లేదు. వివరాలు వచ్చేదాకా కదలకూడదన్నది యజమాని శాసనం మరి. ఆ యజమానే మౌసు లాక్కుని టకటకా పదిసార్లు నొక్కారు. నొక్కినప్పుడల్లా సర్వర్‌కి ఇంకో కబురు వెళ్లింది. నాలుగు సెకన్ల పని నలభై సెకన్లయింది.

"చచ్చిందా ఇది? ఏం చేశావు?"

"మీరు చెప్పిందే చేశానండీ!"

"నేను చచ్చిపొమ్మన్నానా?" అంటూ ఎలీయాజరుగారు బల్లను ఒక్క తన్ను తన్నారు.

"వస్తానండీ, నాకు బస్సుంది," అని సత్తిబాబుగారు లేచారు.

పక్క బల్ల దగ్గర ఎలీయాజరుగారి భార్య నిర్మల చేపల వ్యాను ఇంకా రాలేదని ఫోనులో అరుస్తున్న గణపవరం ఆసామికి చెబుతోంది. "బయల్దేరిందండీ, వచ్చేస్తోందండి." ఆ వ్యాను ఐసు కూడా ఎక్కకుండా ఎదురుగానే నిలబడి ఉంది. అయినా అవతలి అరుపులు ఆగిపోయాయి.

సబీహా విన్నది. "ఒక్క రెండు నిమిషాలండీ," అని సత్తిబాబుగారిని ఆపి, నొక్కగానే పేజీ ఖాళీగా తెరుచుకుని, మధ్యలో "బయల్దేరిందండీ, వచ్చేస్తోంది" అని కనబడేలా రాసేసింది.

సత్తిబాబుగారు నొక్కి, చదివి, మళ్లీ కూర్చున్నారు. "మర్యాద తెలిసిన కంప్యూటరండీ," అన్నారు. ఎలీయాజరుగారు చల్లబడి టీ తెప్పించారు. రెండో టీ అయ్యేసరికి మాటల్లోనే నాలుగు హోటళ్ల ఒప్పందం కుదిరిపోయింది. బొచ్చె ఇంకా వచ్చేస్తూనే ఉంది.

అనుమానం వచ్చి సబీహా బల్ల కిందకు వంగింది. అయ్యగారు తన్నిన తన్నుకి ఇంటర్నెట్టు వైరు ఊడి పడి ఉంది. దాన్ని చేతిలోకి తీసుకుని, పైనున్న రెండు ప్రశాంతమైన ముఖాలనూ చూసి, మళ్లీ కిందే పెట్టేసింది.