నిప్పు పెడితే చల్లబడే పెట్టె

"పులి తిన్నాక నక్క, నక్క తిన్నాక కాకి,
కాకి తిన్నాక మనమే తల్లీ, మనం తిన్నాక..."

మనం తిన్నాక ఎవరో, నూకాలుకి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. తనకి రెక్కలు రాని రోజుల్లో వాళ్లమ్మ పాడిన పాట అది. ఇప్పుడు తన పిల్లకి పాడుతోంది. పిల్ల మాత్రం పాట నాకెందుకన్నట్టు నోరు తెరుచుకుని కూర్చుంది.

నూకాలు ముసలి రాబందు. అది ఉండే అడవి పెద్దది. ఎంత పెద్దదంటే దానికొక సభ, సభకొక పెద్దపులి, పెద్దపులికి గుమాస్తాగా సీతాపతి అనే నక్క కూడా ఉండేవి. ఇన్ని ఉన్నా తిండికి మాత్రం ఒకటే కట్టుబాటు, ఆ పాటలో ఉన్నదే. ఎవరి వంతు వాళ్లది. పైవాడు కాస్త మిగిల్చి లేవడం మర్యాద.

అలాంటి అడవికి ఒక పెట్టె వచ్చింది.

వేటకొచ్చిన దొరలు జ్వరాలు తగిలి సామాను వదిలేసి పోయారు. అందులో బీరువా అంత తెల్లటి పెట్టె ఒకటి. కింద చిన్న కిరసనాయిలు దీపం. దీపం వెలుగుతున్నంతసేపూ పెట్టె లోపల చలి! నిప్పు పెడితే చలి పుట్టడమేమిటో నూకాలుకి అంతు పట్టలేదు. కొమ్మ మీంచి తొంగి తొంగి చూసి, "ఎంత తెలివమ్మా ఈ మనుషులది!" అని మురిసిపోయింది కూడా.

ఒకప్పుడు మనుషుల దగ్గర గొలుసుతో ఆడిన ఎలుగుబంటి భూషయ్యకి దీపం సంగతి తెలుసు. ఆయన్ని దీపానికి అధికారిగా వేశారు. సభ కూడింది.

"ఇకమీదట మిగలడం అనేది లేదు," సీతాపతి చదివాడు. "పులి దొరవారు తినగా ఉన్నదంతా పెట్టెలోకి. పెట్టెలో పెట్టింది చెడదు. కరువొచ్చిన రోజున అందరికీ సమానంగా పంచుతాం."

"కరువంటే ఏ రోజు?" అంది కాకి.

"సభ చెప్పిన రోజు."

అందరూ రెక్కలూ తోకలూ కొట్టి హర్షించారు. నూకాలు కూడా కొట్టింది.

వారం తిరిగేసరికి పిల్ల మెడ వాలిపోయింది. అరవడం కూడా మానేసింది. నూకాలు పరుగున వెళ్లి సీతాపతి ముందు నిలబడింది.

"బాబూ, నా పిల్లకి ఇవాళే కరువొచ్చింది. ఒక్క ముక్క తీసివ్వు."

"ఒక్కరికి వస్తే దాన్ని ఆకలంటారత్తా. అది నీ సొంత విషయం. అందరికీ ఒకేసారి వస్తేనే కరువు."

ఇంతలో వడగాడ్పులు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం మాంసం తీసుకోబోయి పెట్టె తలుపు తీసిన పెద్దపులికి మొహాన చల్లటి గాలి తగిలింది. అంతే, మర్నాటి నుంచి సభ పెట్టె ముందే. తలుపు బార్లా తెరిచి, పులి దానికి వీపు ఆనించి కూర్చునేది. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా చర్చలే. కింద భూషయ్య దీపం వెలిగిస్తూనే ఉన్నాడు. లోపల మాంసం మెల్లగా రంగు మారుతూనే ఉంది.

"ఏదో వాసన వస్తోందండీ," అన్నాడు భూషయ్య ఒకరోజు.

"అది నాగరికత వాసన. నీకు అలవాటు లేదు," అన్నాడు సీతాపతి, ముక్కు తోకలో దాచుకుని.

పెట్టె వచ్చి నెలైందని విందు పెట్టారు. తీరా తినే వేళకి పులికే అనుమానం వచ్చింది. చెడిందంటే సభ చెప్పింది అబద్ధమవుతుంది. చెడలేదంటే తినాలి.

"మాంసం సంగతి రాబందు కన్నా తెలిసినవాళ్లెవరు దొరా? దాన్నే అడుగుదాం," అన్నాడు సీతాపతి.

పాత ఎముకలు గీకి పెట్టి పిల్లని ఎలాగో బతికించుకొస్తున్న నూకాలుని పిలిచారు. ఒక తునక ఆమె ముందు పడేశారు. ఎన్నాళ్లకో తిండి! మింగితే ప్రాణం లేచొచ్చింది. మిగిలిన సగం పిల్ల కోసం గోళ్ల కింద అదిమి పట్టుకుంది.

"ఎలా ఉందత్తా?"

"నాకైతే అమృతంలా ఉంది బాబూ. కానీ నేను రాబందుని కదా. మాకు బాగుండటం వేరు, మీకు..."

"అంత పొడుగు రాయడానికి చోటు లేదు," సీతాపతి ఒక టేకాకు చూపించాడు. "ఇందులో రెండే గళ్లు. బాగుంది, బాగాలేదు. ఒకదాంట్లో గీయి, ఆ ముక్క పట్టుకుపో. గీయకపోతే ముక్క వెనక్కిచ్చెయ్యి."

నూకాలు గోళ్ల కిందికి చూసుకుంది. పిల్ల వాలిపోయిన మెడ కళ్లల్లో మెదిలింది. తన మటుకు తనకి నిజమే కదా అనుకుని, బాగుంది గడిలో గీసింది.

"నిపుణురాలు చెప్పింది!" అని ఆకు పైకెత్తాడు సీతాపతి. సభ మొత్తం విందు మీద పడింది.

మూడు రోజులు అడవిలో గర్జన లేదు, మూలుగులే. పెద్దపులి పొదలోంచి బయటికి రాలేకపోయింది. నాలుగో రోజున పెట్టె ఖాళీ చేయించి, ఉన్నదంతా లోయలో పారబోయించారు. కాకులూ రాబందులూ గుంపులుగా దిగాయి. నూకాలు పిల్ల గొంతు దాకా తిని, మెడ నిలబెట్టి, రెక్కలు విదిలించి అరిచింది. ఆ అరుపు విని నూకాలు ఏడ్చింది.

మర్నాడు సీతాపతి వచ్చాడు. ఎముకల గూడులా ఉన్నాడు. నూకాలు పిల్లని రెక్క కిందికి లాక్కుంది.

"బాబూ, శిక్ష వేస్తే నాకు వెయ్యి. పిల్ల జోలికి రాకు."

"నీకెందుకత్తా శిక్ష? నిపుణులది తప్పంటే, నిన్ను పిలిచిన నాది తప్పని తేలుతుంది. పెట్టె మళ్లీ నింపాం. ఇవాళ రెండో విందు, అక్కడికే వెళ్తున్నా."

"కిరసనాయిలు అయిపోయిందని భూషయ్య చెప్పాడే! దీపం లేకుండా చలెలా వస్తుంది?"

"దీపం లేకపోయినా పెట్టె ఉందిగా."

"మరి అందరికీ కడుపులో అలా అయిందే, దానికి తప్పెవరిదయ్యా?"

సీతాపతి పొట్ట పట్టుకుని, దారిలో ఒక్క క్షణం ఆగి, నూకాలుతో అన్న ఆఖరి మాట ఇది:

"విచారణలో తేలిపోయిందత్తా, పెట్టె భేషుగ్గా పనిచేసింది, మన కడుపులే ఇంకా వెనకబడి ఉన్నాయి."