కూర్మారావు కిందికి దిగిన వారం

ఎదురింటి గున్నమ్మ కుళాయి దగ్గర చెప్పగా ఊరికి తెలిసిందేమిటంటే, దాలమ్మ కొడుకు కూర్మారావు కూడా పని లేక గాలిలోకి లేచిపోయాడు. మొన్నటిదాకా జానెడు ఎత్తున ఉన్నవాడు ఇప్పుడు ఇంటి దూలానికి తగులుతున్నాడట. బీకాం వాళ్లు ఇంటరు వాళ్లకన్నా తొందరగా లేస్తారని ఆమె ఇంకో మాట కలిపింది.

ఇందులో ఎవరికీ వింత తోచలేదు. పని లేనివాళ్లు లేవడం మామూలే. దాలమ్మ గేదె పలుపు తెచ్చి కొడుకు నడుముకు కట్టి, రెండో కొస రాటకు ముడివేసింది. ఆమె భయమల్లా ఆషాఢం గాలి గురించే. నిరుడు ఆ గాలికి వెనక వీధి మనిషొకడు పలుపు తెగి సముద్రం వైపు వెళ్లాడు. తిరిగి రాలేదు. పంచాయతీలో అతణ్ణి వలస కింద రాసుకున్నారు.

ఆషాఢం నాలుగు రోజులుందనగా సర్వే మనిషి ట్యాబు పట్టుకుని వచ్చాడు. గుమ్మంలో కూర్చుని, తలెత్తి కూర్మారావుకు నమస్కారం పెట్టి, ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"గత ఏడు రోజుల్లో మీ అబ్బాయి ఏమైనా పని చేశాడా అమ్మా?"

రాసుకునే మనిషి గడప తొక్కితే ఆ ఊళ్లో ఏదడిగినా లేదనే చెప్తారు. లేదంటేనే ఏదో ఒక పథకంలో పేరెక్కుతుందని నమ్మకం. దాలమ్మ అలవాటుగా కొంగు కళ్లకద్దుకుంది.

"పనేటి బాబూ. పుల్ల ముక్క ఇటు తీసి అటెట్టడు."

అతను ట్యాబు మీద 'లేదు' నొక్కాడు. రాట దగ్గర ముడి జారింది. కూర్మారావు తల తగిలి రెండు పెంకులు కదిలాయి.

"అమ్మా, నువ్వు ఊరుకో," అన్నాడు పైనుంచి.

సర్వే మనిషి ఓపికగా వివరించాడు. ఉద్యోగం ఉందా అని తాను అడగడం లేదు. ఏడు రోజుల్లో ఏదో ఒక రోజు, ఒక్క గంట చాలు. డబ్బులు రాకపోయినా, ఇంట్లోవాళ్లు చేసుకునే పనిలో చెయ్యేస్తే సరిపోతుంది. జవాబు మార్చుకోవచ్చు.

దాలమ్మ ఆలోచించింది. ఆమె ఫ్యాక్టరీ నుంచి జీడిపప్పు ఇంటికి తెచ్చుకుని, కూలికి పొట్టు తీసి ఇస్తుంది. మంగళవారం కరెంటు పోయి టీవీ ఆగితే, చేట పైకి అందించింది. కూర్మారావు దూలం పట్టుకుని పొట్టు తీశాడు. అదంతా ఆమె నెత్తినే రాలింది.

"ఎంతసేపు?"

"కరెంటొచ్చీదాకా. గంటా పది నిమిసాలు."

పది నిమిషాలు అక్కర్లేదని గంట నొక్కాడు. కూర్మారావు బావిలోకి చేద దిగినట్టు దిగి చాప మీద కూర్చున్నాడు. దాలమ్మ అతని పాదాలను నేలకు అదిమి, వదిలి చూసింది. లేవలేదు. పలుపు విప్పుకెళ్లి గేదెకు కట్టింది. ఆ మధ్యాహ్నం, ఎన్నో నెలల తర్వాత, ఆమె కునుకు తీసింది.

సంగతి తెలిసి, మనుషులు లేచిపోయిన మిగతా ఇళ్లవాళ్లూ వచ్చారు. తలో గంట పొట్టు తీయించి, సర్వే మనిషి చేత ట్యాబులో నొక్కించుకున్నారు. దాలమ్మ తెచ్చే ఒక్క డబ్బా పప్పుతో ఇప్పుడు పదకొండుమంది నేలమీద ఉన్నారు. ఒక్కొక్కరికి వారానికి గంట. గంట దాటితే చేట లాగేసుకుని పక్కవాళ్లకిస్తుంది. ఆషాఢం గాలికి రెండు అరటిచెట్లు పడ్డాయి తప్ప, ఒక్క మనిషీ పోలేదు.

గాలి తగ్గాక గున్నమ్మ గుమ్మంలోకి వచ్చి పలకరించింది.

"పన్లో పడ్డావంట గదరా. ఏటి సేస్తన్నావు?"

కూర్మారావు తన కాళ్లకేసి చూసుకున్నాడు.

"కిందుంతన్నానత్తా."