తెలిసినవాళ్లు ఇద్దరు కావాలి

ఆ శనివారం పొద్దున పుణ్యవతి పెట్టుకున్న పని ఒక్కటే: తన గురించి తెలిసిన మనుషుల్ని ఇద్దర్ని వెతకడం. కూతురు రసజ్ఞకు పేరున్న యూనివర్సిటీలో డిగ్రీ సీటొచ్చింది. ఫీజు చూస్తే కళ్లు బైర్లు కమ్మాయి. ఇంటి పరిస్థితి అంతంతమాత్రమని తేలితే మొత్తం మాఫీ చేస్తారట. అది తేల్చడానికి జీతం కాగితాలతో పాటు ఇరుగుపొరుగులో ఇద్దరి ఫోన్ నంబర్లు ఇవ్వాలి. ఆ రోజే ఆఖరు గడువు. మాఫీ రాకపోతే సీటు లేనట్టే.

గోపన్‌పల్లిలో ఆ అపార్ట్‌మెంటుకు అద్దెకొచ్చి ఆరేళ్లు, భర్త పోయి నాలుగేళ్లు. రాయదుర్గంలో ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుని రోజుకు రెండొందల మందికి నమస్కారం పెడుతుంది గానీ, ఆమె గడప తొక్కిన మనిషి లేడు. తెలిసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెడదామని కూర్చుంటే మొదటి వేలే మడవలేకపోయింది. దిగులేసింది.

చివరికి ఎదురు ఫ్లాటు తలుపు తట్టింది. చెన్నమ్మది ప్రొద్దుటూరు, లిఫ్టులో రెండుసార్లు నవ్విన మనిషి. ఫీజు కట్టలేనని చెప్పడానికి పుణ్యవతికి నోరు రాలేదు.

"మా అమ్మాయి విషయమై ఒకావిడ ఫోన్ చేస్తారండి. మా ఇంటి సంగతులు అడుగుతారు. కాస్త చెప్పండి."

చెన్నమ్మ మొహం వెలిగిపోయింది. "నేనుండా గదమ్మా. నువ్వేం దిగులు పెట్టుకోవాకు."

ఆడపిల్ల గురించి ఎవరో ఆరా తీస్తున్నారంటే అది దేనికో చెన్నమ్మకు వేరే చెప్పాలా? పిల్లకు కుదిరే సంబంధం చెడగొట్టిన పాపం ఆమెకెందుకు? పుణ్యవతి రెండో నంబరు గేటు దగ్గరి సెక్యూరిటీ మహేందర్‌ది ఇచ్చింది. ఏం చెప్పాలో అతనికి చెన్నమ్మే దగ్గరుండి నేర్పింది.

మధ్యాహ్నానికల్లా లిఫ్టులో ముక్కూమొహం తెలియనివాళ్లు పుణ్యవతిని పలకరించారు. ఒకావిడ చెయ్యి పట్టుకుని "శుభం" అంది. ఎందుకో తెలియకపోయినా పుణ్యవతికి ప్రాణం లేచొచ్చింది. ఈ చోట ఒకరు తన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

ఆ సంబరం గంటసేపు కూడా నిలవలేదు. యూనివర్సిటీ నుంచి ప్రియదర్శిని అనే అధికారి ఫోన్ చేసింది.

"మీకు పదెకరాల మాగాణి, వంద తులాల బంగారం ఉన్నాయట. సెక్యూరిటీ అతను రెండు కార్లన్నాడు. దరఖాస్తులో ఇవేవీ రాయలేదేంటండీ?"

పుణ్యవతి ఫోను పట్టుకునే ఎదురింటికి పరుగెత్తింది. అక్కడ మహేందర్ తాను చేసిన సాయానికి టీ తాగుతున్నాడు. అసలు సంగతి విన్న చెన్నమ్మ లెంపలేసుకుని, ఫోను లాక్కుని స్పీకర్ నొక్కింది.

"పొద్దున చెప్పిందంతా ఉత్తదే మేడమ్. పాపం, ఆ ఇంట్లో గింజల్లేవు. పస్తులుంటారు."

"పస్తులేంటండీ," అని పుణ్యవతి గొణిగింది.

"కార్లు పక్క బ్లాకోళ్లయి మేడం," అన్నాడు మహేందర్. "జర దయ సూడుండ్రి."

ప్రియదర్శిని అడ్డుపడింది. "సరే, ఒక్క ప్రశ్న. ఆవిడ పేరేంటి? పక్కనుంచి ఎవరూ అందించొద్దు."

చెన్నమ్మ పుణ్యవతి వైపు చూసింది. మహేందర్ టీ గ్లాసులోకి చూశాడు. పుణ్యవతి నోరు తెరిచి మూసుకుంది.

"ఫ్లాట్ నాలుగొందల ఐదు, మేడం," అన్నాడు చివరికి మహేందర్.

"పిల్ల పేరు?"

"పాప," అంది చెన్నమ్మ.

సాయంత్రం మెయిల్ వచ్చింది. ఫీజు, హాస్టలు మొత్తం మాఫీ. ఇరుగుపొరుగు వారికి ఈ కుటుంబం గురించి ఏమీ తెలియదని రూఢి అయినందున వారి మాటలు పక్కనపెట్టి, జీతం కాగితాలనే నమ్ముతున్నామని కింద రాశారు.

రసజ్ఞ గంతులేసింది. పుణ్యవతి సంతోషంతో ఏడ్చింది; కింద రాసింది చదివి ఇంకోసారి ఏడ్చింది. పిల్ల వెళ్లిపోతే ఈ ఇంట్లో తనతో మాట్లాడే దిక్కుండదని అప్పుడు తట్టింది.

కాసేపటికి చెన్నమ్మ గిన్నెలో ఓళిగలు తెచ్చింది. "సిగ్గుతో చచ్చిపోయినానమ్మా. నీ పేరేంది?"

"పుణ్యవతి అండి."

"మంచి పేరు." చెన్నమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇంతకీ ఆ ఫోన్ చేసినామెకు పెండ్లీడు కొడుకుండాడా?"

కనుక్కుంటానంది పుణ్యవతి. లేడంటే చెన్నమ్మ లేచి వెళ్లిపోతుందేమోనని.