తార్నాకలో గ్రీకు మాట్లాడితే ఎవరూ నవ్వరు

హైదరాబాదులో పరువుగా బతకాలంటే ముందు బైబిల్ గ్రీకు నేర్చుకోవాలి. నవ్వకండి! ఇంగ్లీషు వస్తే ఉద్యోగం వస్తుంది. ఉర్దూ వస్తే ఇరానీ హోటల్లో చాయ్ త్వరగా వస్తుంది. మరి గ్రీకు వస్తే ఏమొస్తుందంటారా? ఏమీ రాదు. దాని గొప్పతనమంతా అక్కడే ఉంది.

తెలుగులో నోరు తెరిచారనుకోండి. ఏం జరుగుతుంది? మొదటి మాటకే మీ జిల్లా తెలిసిపోతుంది, రెండో మాటకు తాలూకా. తార్నాకలో గది అద్దెకు అడగబోతే ఇంటాయన గది సంగతి వదిలేసి మీ యాస సంగతి ఎత్తుకుంటాడు. సీతాఫల్‌మండి స్టేషన్లో టికెట్ అడిగితే వెనక క్యూలో ఎవరో కిసుక్కుమంటారు. అదే గ్రీకులో అడగండి! ఎవడైనా నవ్వగలడా? మీ ఉచ్చారణ తప్పని చెప్పగలిగినవాళ్లు ఎన్నడో కాలం చేశారు.

ఈ కిటుకు కనిపెట్టిన మేధావి రాజలింగం. సిరిసిల్ల అవతల వ్యవసాయం చేసుకునే ఇంట్లోంచి ఎమ్మే చదవడానికి యూనివర్సిటీకి వచ్చాడు. ఊళ్లో పంచాయితీ జరిగితే పెద్దమనుషుల నోళ్లు మూయించినవాడు! అలాంటివాడు ఇక్కడ మొదటి ఏడు డిబేటులో లేచి, "గాడ మా ఊర్ల ఏమయితదంటే..." అన్నాడో లేదో, హాలు హాలంతా గొల్లుమంది. ఏమయితదో చెప్పకుండానే కూర్చున్నాడు. ఆ రోజునుంచి తల ఊపడమే తప్ప మాట లేదు. లెక్చరర్లు వాణ్ణి వినయవంతుడన్నారు.

ఒక సాయంత్రం తార్నాకలో ఒక మేడ మీద బోర్డు కనపడింది. ప్రాచీన భాషా మండలి, బైబిల్ గ్రీకు తరగతులు. రాజలింగం మెట్లెక్కాడు. ఆ భాషలో తనకూ రాదు, పక్కవాడికీ రాదు. ఇంతకంటే సమానత్వం ఏ పార్టీ ఇవ్వగలదు? నెలల తరబడి బిగబట్టిన గొంతు ఒక్కసారిగా విప్పాడు. కింద కిళ్లీకొట్టువాడు మేడ మీద ఏదో తగాదా జరుగుతోందనుకున్నాడు!

పాఠం చెప్పేది శేషాద్రిగారు. రాయలసీమలో అనంతపురం వైపు వైష్ణవులు, సంస్కృతంలో దిట్ట. మద్రాసులో చదివే రోజుల్లో ఒక ముసలి పాదిరీ వెంటపడి గ్రీకు నేర్చుకున్నారు. పుట్టినూరి వాసన ఎక్కడా తగలకుండా, అచ్చయిన పుస్తకం నోరు తెరిచినట్టు మాట్లాడతారు.

అది అరవై తొమ్మిదో సంవత్సరం, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం రోజులు. క్యాంపస్ చుట్టుపక్కల వారానికో బందు. ఒకనాడు క్లాసులు మూయించే కుర్రాళ్లు మేడెక్కి వచ్చారు.

"ఏందయా గిది?"

"గ్రీకు క్లాసు."

"నడవనీయుండ్రి. దీన్ని బందు వెట్టినా ఎవనికి ఎర్కయితది?"

చూశారా! ఇంత భద్రమైన విద్య ఇంకెక్కడ దొరుకుతుంది?

శేషాద్రిగారికి ఈ గ్రీకంటే ప్రాణం. "ఇది రాజులది కాదు, కవులది కాదు. చేపలు పట్టేవారిది, కూరలమ్మేవారిది. పూర్వం పండితులు దీన్ని తప్పుల భాష అని వెక్కిరించారు. మూర్ఖులు! సామాన్యుడి నోట పుట్టిన మాటకున్న జీవం ఇంకెక్కడుంటుంది?" అంటూ కళ్లు ఒత్తుకునేవారు. కిటికీలోంచి రిక్షావాళ్ల కేకలు వినపడితే, "ఆ బజారు గోల రాకుండా తలుపు వెయ్యండి" అనేవారు.

చదువు ముగింపుకొచ్చింది. హాస్టల్ ఖాళీ చెయ్యాలి. తండ్రి ఇన్నయ్య, ఏ కొలువూ దొరక్కపోతే వచ్చి నాగలి పట్టమని కబురు పెట్టాడు. అప్పుడే మండలివాళ్లు కొత్తగా చేరినవాళ్లకు గ్రీకు చెప్పడానికి ఒక ట్యూటర్ కావాలన్నారు. రాజలింగానికి పట్నంలో మిగిలిన ఆశ అదొక్కటే.

పరీక్షకు ముషీరాబాద్ నుంచి సుందరరావు పాదిరీగారిని పిలిచారు. శేషాద్రిగారు స్వయంగా ఆ గ్రీకులో కూర్చిన చిన్న సంభాషణ ఇచ్చారు. వలలో ఏమీ పడక ఒట్టిచేతులతో ఒడ్డుకొచ్చిన జాలర్లను ఒక బాటసారి పలకరిస్తాడు, అంతే. రాజలింగం గడగడా చదివాడు. పాదిరీగారు తల పంకించారు.

"ఇక తెలుగులో చెప్పు" అన్నారు శేషాద్రిగారు.

అయిపోయింది! గ్రీకులో గర్జించినవాడికి తెలుగనేసరికి నాలుక పిడచగట్టింది. గ్రాంథికం కోసం వెతుక్కున్నాడు, ఒక్క ముక్క దొరకలేదు. చివరికి కళ్లు మూసుకున్నాడు. ఊరి పక్క మానేరు వాగు ఒడ్డు కనపడింది.

"ఏం పోరగాండ్లూ, చేపలు వడ్డయా?"

"ఏడియి! రాత్రంత నీళ్లల్ల నానినం గని ఒక్కటి వడలె."

"అయితే రాండ్రి, పొయ్యికాడ గూసోండ్రి. ఇంత తిని పోదురు."

పాదిరీగారు చేతిలో కాగితం పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా, "వాళ్లు వచ్చి నా ఎదుట నిలబడ్డట్టుందయ్యా" అన్నారు.

శేషాద్రిగారు కళ్లజోడు తీశారు. "గ్రీకులో లోపం లేదు. తెలుగులో తప్పింది. పోరగాండ్లేమిటి? 'ఓ బాలకులారా' అనాలి. ఈ బజారు భాషతో మా విద్యార్థులకు పాఠం చెబుతావా?"

రాజలింగం లేచాడు. డిబేటులో మింగేసిన మాట ఇన్నాళ్లకు పైకొచ్చింది.

"గా జాలరోళ్ల మాటకు ఇజ్జత్ రానీకి రెండువేల యేండ్లు వట్టింది గద సార్. మా మాటకు గుడ గన్నేండ్లు ఆగాల్నా? మాట్లాడెటోళ్లమంత సచ్చినంక ఇస్తరా ఇజ్జత్?"

అని తలుపువైపు నడిచాడు. శేషాద్రిగారు కుర్చీ తోసుకుని లేచారు.

"ఓరేయ్! యాడికి పోతాండావు? ఈడ కూచో!"

ఆ సీమ యాస ఆయన నోట మద్రాసు రైలెక్కిన తర్వాత ఎవరూ వినలేదు. అక్కడ ఏ హాలు గొల్లుమంటే ఆయన దాన్ని మింగేశారో ఇంట్లో భార్య అన్నపూర్ణమ్మగారికి కూడా తెలియదు. పాదిరీగారు మర్యాదగా ఫ్యాను చూస్తున్నారు.

"అనగా... ఎక్కడికి వెళ్లుచున్నావు అని" అన్నారు శేషాద్రిగారు.

రాజలింగం నవ్వలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

ఉద్యోగం ఇచ్చారు. షరతు ఒకటే. క్లాసులో తెలుగు వీలైనంత తక్కువ మాట్లాడాలి.

కాబట్టి పాఠకులారా, తొందరపడి ఎవరిమీదా అలగకండి, గ్రీకు నేర్చుకోండి. ముందు ముందు ఏ దేశంలోనో ఒక పండితుడు పుడతాడు. సిరిసిల్ల మాటకూ అనంతపురం మాటకూ వ్యాకరణం రాసి, "ఆహా, ఎంత జీవం!" అని కళ్లు ఒత్తుకుంటాడు. వాళ్ల వీధిలో అరుపులు వినపడకుండా తలుపు వేయించి మరీ పాఠం చెబుతాడు. అప్పటిదాకా కాస్త నోరు మూసుకుని ఓపిక పట్టండి. మన మాటకు గౌరవం తప్పకుండా వస్తుంది. మనం పోవడమే ఆలస్యం.