గుక్కతిప్పని మాస్టారి మౌన సంగ్రామము

ఆఫీసులు విడిచి, దుకాణముల దీపములు వెలిగి, స్కూటర్ల హారన్లు రణభేరీభాంకారములై దిక్కులు పిక్కటిల్లజేయుచున్న సాయంసమయమున, మందులషాపు పై అంతస్తున, తిరుగుట కంటె మూలుగుట ఎక్కువైన ఫంకా కింద, 'ఇచట ఇంగ్లీషు మాత్రమే మాట్లాడవలెను' అని చక్కని తెలుగులో రాసిన బోర్డు గల గదియందు, ఓ శ్రోతలారా, ఒక మహాసంగ్రామమునకు రంగము సిద్ధమాయెను!

మన కథానాయకులు వాక్ప్రవాహధురంధరులు, సుద్దముక్కాయుధపాణులు, ప్రశ్నోత్తరోభయకర్తలు, అనగా ప్రశ్న తామే వేసి జవాబు తామే చెప్పువారు, పెద్దల ఇంగ్లీషు తరగతికి ఏకచ్ఛత్రాధిపతులైన గుక్కతిప్పని మాస్టారు. 'నిన్న మీరేం చేశారు?' అని ఇంగ్లీషులో అడిగి, ఒక్క పెదవియు కదలకమునుపే తాము నిన్న చేసినదంతయు ఆ భాషలోనే వర్ణించి, బోర్డుపై రాసి, అందరిచేత కోరస్‌గా చదివించి, "చూశారా, ఎంత బాగా మాట్లాడారో!" అని మెచ్చుకొనెడివారు. శిష్యులు కలములు పట్టి ఎదురుచూచుట నేర్చిరి. మాట్లాడుట మాత్రము నేర్వలేదు.

ఇట్లుండగా సంస్థాధినేత్రి యగు డైరెక్టరమ్మ, కొత్త బోధనాపద్ధతుల శిక్షణకు పోయివచ్చి, నెత్తిన పిడుగు వేసెను.

"రేపు నేనొచ్చి వెనక కూర్చుంటానండీ. ప్రశ్న అడిగాక మీరు మాట్లాడకూడదు. వాళ్ళు నోరు విప్పేదాకా ఆగాలి. మీవల్ల కాకపోతే చెప్పండి, క్లాసు మీ బావమరిదికి ఇచ్చేస్తాను."

ఆ బావమరిది బోధనాపద్ధతులలో పట్టా పుచ్చుకొని, ఎన్నడును ఎవరికిని పాఠము చెప్పని నిష్కళంక పండితుడు.

మరునాడు మాస్టారు సమరమునకు బయలుదేరుచుండగా ఇల్లాలు గుమ్మమున నిలిచి హితవు పలికెను. "ఏమండీ, ఇంట్లో ఎలాగూ మూసుకోరు, ఆ ఒక్క గంటైనా నోరు మూసుకోండి. మా తమ్ముడు మీ కుర్చీలో కూర్చుంటే మా వాళ్ళ ముందు మీ పరువేం కావాలి?"

మాస్టారు మీసము దువ్వి, "సుద్దముక్క మీద ఒట్టు! ప్రశ్న వేశాక నా నోట మాట వస్తే ఈ వృత్తే వదిలేస్తా! పళ్ళు పగలనీ, పెదాలు పగలనీ, ప్రపంచం తలకిందులు కానీ, గుహలో మునిలా, గోడలో ఇటుకలా, గాలి ఆడని గదిలో..." అని బస్సు దాటిపోవువరకు గర్జించిరి.

"ఇదిగో, ఇదే వద్దన్నాను," అనెను ఇల్లాలు.

డైరెక్టరమ్మ ఆ బావమరిదిని వెంటబెట్టుకొని వచ్చి వెనుక వరుసలో కూర్చుండగా సమరము మొదలాయెను. మాస్టారు 'నిన్న మీరేం చేశారు?' అను ప్రశ్నాస్త్రమును ఇంగ్లీషున సంధించి విడిచి, పెదవులను కోటతలుపులవలె బిగించిరి. దర్జీ, నర్సు, లారీ డ్రైవరు, మనవడి బడి మీటింగులో తానే మాట్లాడవలెనని చేరిన బామ్మగారు, అందరును కలములు దూసి, అలవాటు చొప్పున జవాబు కొరకు వేచిరి. జవాబు రాలేదు. వారు మాస్టారిని చూచిరి. మాస్టారు వారిని చూచిరి.

అంతట జిహ్వారాక్షసి విజృంభించెను! దంతప్రాకారమును డీకొని, దగ్గు వేషమున తప్పించుకొనజూచి, అదియు సాగక, 'పాపం, మొదటి మాటొక్కటి అందించు' అని దయ వేషమున బతిమాలెను. మాస్టారు దవడలు బిగించిరి. చెమట కాలరు తడిపెను. ముఖము కందగడ్డ యాయెను.

ఆ నిశ్శబ్దమునకు మొదట కూలినవాడు డైరెక్టరమ్మ పక్కన ఆసీనుడైన బావమరిదియే. దిగ్గున లేచి, "చూడండి, ఇప్పుడు మా బావగారు చేస్తున్నదాన్ని నిరీక్షణ పద్ధతి అంటారు. ఇందులో మౌనం చాలా ముఖ్యం. మౌనానికి చరిత్ర చూసుకుంటే..." అని లంకించుకొనెను.

"మౌనం గురించి తర్వాత మాట్లాడుదువుగాని, కూర్చో నాయనా," అనెను డైరెక్టరమ్మ.

శిష్యులలో కలకలము రేగెను.

"మాస్టారికేమైందమ్మా? మొహం చూడు, ఎలా అయిపోయిందో," అని బామ్మగారు నర్సు చెవిలో గొణిగెను.

"గొంతు పట్టేసిందేమో. ఎవరైనా అడగండి," అనెను దర్జీ.

"ఆయన్ని అడగాలంటే ఇంగ్లీషులో అడగాలి కదండీ!" అని నర్సు బోర్డు చూపెను.

అప్పుడు, చేరిన నాటినుండి కోరస్‌లో తప్ప గొంతు వినిపించని లారీ డ్రైవరు లేచెను. ఘాట్‌రోడ్డు మలుపులలో తడబడని ఆ ధీరుడు ఒక్కొక్క మాటకు బ్రేకు వేయుచు పలికెను.

"సార్... యూ... సిక్? ఐ బ్రింగ్ లారీ? గో హాస్పిటల్?"

"నో హాస్పిటల్!" అని నర్సు గద్దించెను. "ఫస్ట్ వాటర్! సిట్, సార్, సిట్!"

"షర్ట్ టైట్!" అని దర్జీ ఎలుగెత్తెను. "ఓపెన్ బటన్! నాట్ మై స్టిచింగ్!"

"ఆల్ సైలెన్స్!" అని బామ్మగారు బల్ల చరిచెను. "సార్, యూ ఈట్ లంచ్? వైఫ్ నో గివ్?"

"లారీ డౌన్! రెడీ!" అని డ్రైవరు ఈసారి బ్రేకు వేయకయే అరిచెను. అరుపులకు మందులషాపువాడు పైకి వచ్చి తొంగిచూచెను.

తప్పులు చీమలబారువలె కదలిపోవుచుండగా మాస్టారి నాలుక కడసారి ఎగిసెను. ఆయన దానిని నొక్కిపట్టి, ఒక్క తప్పునైనను దిద్దక, కళ్ళు చెమర్చగా నిలిచిరి. ఎంతో సంతోషము కలిగెను. అంతకు మించి సిగ్గు కలిగెను.

డైరెక్టరమ్మ లేచి వచ్చెను. "వీళ్ళింత మాట్లాడగలరని మీకు తెలుసా మాస్టారూ?"

"తెలీదండీ," అనిరి మాస్టారు మెల్లగా. "నేనెప్పుడూ ఆగలేదు కదా."

"ఇకమీద ఆగండి. క్లాసు మీదే," అని ఆమె బావమరిదిని వెంటబెట్టుకొని మెట్లు దిగెను.

ఇట్లు భూమండలమున ఏ కోటయు కూలక, ఏ జెండాయు మారక, గుక్కతిప్పని మాస్టారు గుక్క తిప్పుకొనిన ఆ మహోజ్జ్వల ఘడియలో, విజేతలందరును చంకన సంచులు తగిలించుకొనుచుండగా, లారీ డ్రైవరు దర్జీ చెవి చెంత చేరి రహస్యముగా అడిగెను.

"అన్నా, ఇందాక నేను మాట్లాడింది ఇంగ్లీషేనా?"

"ఇంగ్లీషేరా," అనెను దర్జీ.